కిర్రు చెప్పుల నుంచి బైకు బూట్ల దాకా

చెప్పు కిర్రుమనాలని మా తాత దగ్గరికి జనం వచ్చేవాళ్లు. బూటు కిర్రుమనొద్దని ఇప్పుడు నా దగ్గరికి వస్తున్నారు. హైదరాబాద్ గాజులరామారంలో, షాపూర్‌నగర్ నుంచి వచ్చే రోడ్డు పక్కన నాదొక చెప్పుల మరమ్మతు కొట్టు. ఆదివారం పొద్దున్నే బుల్లెట్ల మీద నర్సాపూర్ అడవి దాకా పోయొచ్చే పిల్లలు సోమవారం బూట్లు తెచ్చి నా ముందు పెడతారు. "అన్నా, నడుస్తుంటే ఆఫీసులో అందరూ తిరిగి చూస్తున్నరు, ఈ చప్పుడు ఆపు" అంటారు. ఆ చప్పుడు వెనక మా ఇంట్లో మూడు తరాల చరిత్ర ఉంది. తోలుపని చేసిన మాదిగల చరిత్ర అది. పుస్తకాల్లో దానికి దక్కిన చోటు తక్కువ. అందుకే నాకు తెలిసినంత చెబుతున్నాను.

మా తాతది మేడ్చల్ అవతలి పల్లె. ఆయన కాలంలో కిర్రు చెప్పులంటే హోదా. పటేలో, పట్వారీయో, కాస్త కలిగిన రైతో పెండ్లికి కొత్త జోడు కుట్టించుకుంటే, మనిషి వీధి మలుపులో ఉండగానే రాక తెలియాలి. చెప్పు అడుగు ఒకే తోలు కాదు. రెండు మూడు అట్టలు ఒకదాని మీద ఒకటి పెట్టి అంచులు కుడతారు. అడుగు వేసినప్పుడు చెప్పు వంగుతుంది, పై అట్ట కింది అట్ట మీద జరుగుతుంది. రెండూ గట్టిగా, పొడిగా ఉంటే ఆ జరగడం సాఫీగా సాగదు. పట్టుకుంటాయి, వదులుతాయి, మళ్లీ పట్టుకుంటాయి. క్షణంలో ఎన్నోసార్లు జరిగే ఆ పట్టువిడుపులే మన చెవికి కిర్రుమని వినిపిస్తాయి. కమాను లాగితే ఫిడేలు తీగ మోగడానికి కారణం కూడా ఇదే.

చప్పుడు కావాలన్నవాళ్ల జోడుకు మా తాత అట్టల నడుమ ఆముదం తగలనిచ్చేవాడు కాదు. బాగా ఎండిన సన్న తోలు ముక్క ఒకటి మధ్యలో పెట్టి, మడమ వైపు బిగించి కుట్టి, వంగే చోట కుట్టు కొంచెం వదులు చేసేవాడు. రాత్రిపూట చేను కావలికి పోయేవాళ్లకు చప్పుడు పనికిరాదు. వాళ్ల జోడుకు అట్టల నడుమ ఆముదం పట్టించి, కుట్టు దగ్గరదగ్గరగా వేసేవాడు. మోగించడం తెలిసిన చేతికే ఆపడమూ తెలుసు.

ఈ మోజు మన ఊళ్లకే పరిమితం కాలేదు. రష్యాలో కిర్రుమనే బూట్లు షోకుగా చెలామణి అయ్యాయి. అక్కడి పనివాళ్లు బూటు అట్టల మధ్య భూర్జ చెట్టు బెరడు పెట్టి చప్పుడు తెప్పించేవాళ్లు. మన పక్కనే కొల్హాపూర్ చెప్పులకు నేటికీ కిర్రుమంటాయన్న పేరుంది. మహారాష్ట్రలో నాలుగు, కర్ణాటకలో నాలుగు జిల్లాల చెప్పులకు కలిపి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన కిర్రు చెప్పులకు అలాంటి గుర్తింపు అడిగినవాళ్లు నాకు తెలిసి లేరు. వాటిని కుట్టేవాళ్లూ చాలా తక్కువైపోయారు.

చెప్పు బాగుండాలంటే ముందు తోలు బాగుండాలి. ఆ తోలు తయారయ్యేది లందలో, అంటే తోళ్లు నానేసి పదును చేసే చోట. చచ్చిన పశువు చర్మాన్ని ఒలిచి, సున్నపు నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, కడిగి, తంగేడు చెక్క నానిన నీళ్లలో వేసేవాళ్లు. కొన్నిచోట్ల తోలునే సంచిలా కుట్టి, లోపల తంగేడు చెక్కా నీళ్లూ నింపి వేలాడదీసేవాళ్లు. ఆ రసం తోలులోకి మెల్లగా ఇంకుతుంది. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వు ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. ఆ చెట్టు బెరడే తరతరాలుగా మా లందకు ప్రాణం. ఎంత చెక్క వేయాలి, ఎన్నాళ్లు ఉంచాలి, తోలు పండిందో లేదో అంచు కోసి రంగు చూసి ఎలా చెప్పాలి అన్నది చదివి నేర్చుకున్న విద్య కాదు. చేత్తో, కంటితో, ముక్కుతో నేర్చుకున్న రసాయన శాస్త్రం అది.

ఆ తోలుతోనే ఊరు నడిచింది. బావిలో నీళ్లు తోడే మోట బొక్కెన, దాని తొండం, ఎద్దుల మెడ పట్టీలు, కొరడా, డప్పు, చెప్పులు అన్నీ మాదిగ ఇంటి నుంచి వచ్చినవే. బొక్కెన చిరిగితే పొలానికి నీళ్లు ఆగిపోయేవి. కల్లం మీద రైతు ఇచ్చే గింజలు దానికి ప్రతిఫలం. కొలిచి ఇచ్చేది ఆయన చెయ్యి, పట్టుకునేది మా కొంగు.

ఇంత తెలిసిన మనిషి తాను కుట్టిన చెప్పు తొడుక్కొని దొర గడీ ముందు నుంచి నడవలేకపోయాడు. గడీ కనబడగానే చెప్పులు విడిచి, చేతబట్టుకొని, తల వంచుకొని దాటాలి. కింది కులాలన్నిటి మీదా ఉన్న కట్టడి అది. మాలమాదిగల మీద మరీ కఠినం. వట్టి చెప్పే తప్పయిన చోట, మోగే చెప్పు వేసుకోవడమంటే తిరుగుబాటు. అందుకే కిర్రుమన్న చప్పుడు ఊళ్లో ఎవరిదో అందరికీ తెలిసేది, ఎవరిది కాదో కూడా తెలిసేది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణం పోయాక రగిలిన తెలంగాణ సాయుధ పోరాటం వెట్టిని, గడీల పెత్తనాన్ని గట్టిగా దెబ్బకొట్టింది. చెప్పుల కట్టడి మాత్రం చాలా ఊళ్లలో ఆ తర్వాత కూడా బతికింది.

ఆ పోరాటానికి ముందే తోలు మారడం మొదలైంది. ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో మద్రాసులో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే ఆంగ్లేయుడు క్రోమియం లవణాలతో తోలు ఊనడం మొదలుపెట్టాడు. నీళ్లలో నానే మోట బొక్కెనలకు ఆ తోలు ఎక్కువ కాలం ఆగుతుందని ఆయన ఆశ. చెక్కతో వారాలు పట్టే పని క్రోమ్‌తో కొద్ది రోజుల్లో అవుతుంది, తోలూ మెత్తగా వస్తుంది. 1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ వెలిసింది. తెనాలి దగ్గరి యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ దానికి డైరెక్టరై, పల్లెల్లో తోలుపని చేసేవాళ్లకు శాస్త్రం అందాలని పట్టుబట్టారు. 1985లో కనిష్క విమానం కూలినప్పుడు ఆయన పోయారు. తోలుపనిని గౌరవంగా చూసిన మన శాస్త్రవేత్తను తలచుకోకుండా ఈ చరిత్ర చెప్పలేను.

పల్లెలో మాత్రం లంద నిలవలేదు. కరెంటు మోటారు వచ్చి మోటను తీసేసింది. టైరు చెప్పు, ఆపైన ప్లాస్టిక్ చెప్పు వచ్చి జోడు కుట్టించుకునే అలవాటును తీసేశాయి. మా నాయన ఊరు విడిచి జీడిమెట్ల పారిశ్రామికవాడకు పనికొచ్చాడు. అప్పుడక్కడ ఐడీపీఎల్, హెచ్‌ఎంటీ లాంటి పెద్ద ఫ్యాక్టరీలు, చుట్టూ వందల చిన్న ఫ్యాక్టరీలు. గాజులరామారం పొలాలు కాలనీలయ్యాయి. 2007లో కుత్బుల్లాపూర్ మునిసిపాలిటీతో పాటు గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసిపోయాయి. మా నాయన షిఫ్టు దిగాక కార్మికుల సేఫ్టీ బూట్లు బాగుచేసేవాడు. ఆరె, రంపె, గూటం లాంటి పనిముట్లు ఆయన నుంచి నాకొచ్చాయి.

బైకు బూటు మా తాత జోడు కంటే సంక్లిష్టమైంది. లోపల మెత్త అట్ట, దాని కింద గట్టి అట్ట, నడుమ ఇనుప పట్టీ, చీలమండ దగ్గర ప్లాస్టిక్ కవచం, నీళ్లు దిగకుండా పొర. చప్పుడు పుట్టే పద్ధతి మాత్రం అదే. ముందు చప్పుడు ఎక్కడిదో పట్టుకోవాలి. బూటును చేత్తో వంచి చెవి దగ్గర పెట్టి వినండి. లోపలి అట్ట తీసి నడిస్తే ఆగిపోతే దోషం అక్కడిదే. దాని కింద టాల్కం పౌడర్ పలుచగా చల్లితే చాలు. బడిపిల్లల బలపం రాయీ ఈ పౌడరూ ఒకే జాతి, నునుపు దాని గుణం. నాలుక తోలు పక్క తోలుకు రాసుకుంటుంటే కొంచెం తేనెమైనం రుద్దండి. ప్లాస్టిక్ కవచం కీలు దగ్గరైతే సిలికోన్ స్ప్రే వాడండి, ఇంజన్ ఆయిల్ వద్దు, రబ్బరును అది తినేస్తుంది. తోలు ఎండిపోయి ఉంటే కండిషనర్ పలుచగా పట్టించండి. ఆముదం మా తాత చెప్పుకు మంచిదే కానీ, జిగురుతో అతికిన బూటుకు ఎక్కువైతే అతుకు వదులుతుంది. వానలో తడిస్తే కాగితాలు కుక్కి నీడన ఆరబెట్టండి. పొయ్యి దగ్గర పెడితే తోలు బిరుసెక్కి చప్పుడు రెట్టింపవుతుంది. అడుగు ఊడుతున్న చప్పుడైతే పౌడర్‌తో పోదు, విప్పి అతికించి కుట్టాల్సిందే.

బండికీ చెప్పుకూ ఇంకో బంధం ఉంది. ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించారు. బహిరంగ స్థలంలో దళితుడు సైకిలో మోటారు సైకిలో ఎక్కకుండా, చెప్పులు వేసుకోకుండా అడ్డుకోవడం నేరమని అందులో విడిగా రాశారు. 2016 జనవరి 26 నుంచి అది అమల్లో ఉంది. అంటే స్వతంత్రం వచ్చి దాదాపు డెబ్బై ఏళ్లకు కూడా దేశంలో ఎక్కడో ఎవరినో బండి దించి, చెప్పులు విప్పిస్తున్నారు కనుకే ఆ వాక్యం రాయాల్సి వచ్చింది. నా కొట్టుకు వచ్చే పిల్లల్లో మా వాడలవాళ్లూ ఉన్నారు. సొంత బండి మీద, సొంత బూట్లతో దిగుతారు. వాళ్ల బూటు బాగుచేస్తుంటే నా మనసు నిండుతుంది.

చదివేవాళ్లకు నా విన్నపం ఇదే. చప్పుడు చేస్తుందని బూటు పారేయకండి, దగ్గరలోని చెప్పులు కుట్టేవాడికి చూపించండి, అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి. మీ ఊళ్లో లందలో పనిచేసిన ముసలివాళ్లు ఉంటే వాళ్ల దగ్గర కూర్చోండి. తంగేడు చెక్క ఎంత వేసేవాళ్లో, మోట ఎలా కుట్టేవాళ్లో, చెప్పును ఎలా మోగించేవాళ్లో అడిగి రాసుకోండి. ఫోన్‌లో రికార్డు చేయండి. వాళ్లు పోతే ఆ విద్యను చెప్పేవాళ్లు ఉండరు. ఈ పని ఈ ఏడే చేయాలి.