ఫాదర్ గారి పాట, జేజినాయన పలక

మొన్న సెలవులకి ఊరికి పోతే సరిగ్గా మా గుడి పండగ దొరికింది. మాది కమలాపురం పక్కన ఒక పల్లె. కమలాపురం అంటే జిల్లాలో అందరికీ గుర్తొచ్చేది దర్గా ఉరుసు. మా ఆర్సీఎం గుడి పండగ సంగతి చుట్టుపక్కల నాలుగూళ్ళకి తప్ప తెలీదు.

ఆ రాత్రి పూజ అయినాక ఒక కుర్ర ఫాదర్ గారు స్టేజీ ఎక్కి మైకు పట్టుకున్నారు. తెల్లంగీ అలాగే ఉంది, పక్కన కీబోర్డు, గిటారు, రిథమ్ ప్యాడు. గంటసేపు పాడారు. గొంతు బాగుంది, పాటలూ ఆయన రాసుకున్నవేనట. పిల్లకాయలు గంతులేశారు. నా పక్కన కూర్చున్న పెద్దాయన మాత్రం "గురువు పాటగాడైతే ఇంక పూజ ఎవరు చేస్తారబ్బీ?" అని గొణిగాడు.

ఈ ప్రశ్న మా ఊరి పెద్దాయనది మాత్రమే కాదు. ఫ్రాన్సులో ఎమే దువాల్ అనే జెసూట్ గురువు 1950లలోనే గిటారు భుజాన వేసుకుని యూరప్ అంతా తిరిగాడు. వేలమంది వచ్చేవారు, రికార్డులు అమ్ముడయ్యేవి. గురువుకి ఈ వేషాలేంటని తిట్టినవాళ్ళూ ఉన్నారు. ఆయన తర్వాత తాగుడికి బానిసై, దాన్నుంచి బయటపడి, ఆ కథంతా 1983లో పుస్తకంగా రాసి, మరుసటేడు పోయాడు. ఆస్ట్రేలియాలో రాబ్ గలేయా అనే ఫాదర్ గారు 2015లో ఎక్స్ ఫ్యాక్టర్ పోటీలోనే పాడారు. మన పక్కన కేరళలో పాల్ పూవత్తింగల్ గారైతే యేసుదాస్ శిష్యుడు, కర్ణాటక సంగీతంలో మద్రాసు విశ్వవిద్యాలయం డాక్టరేటు. అక్కడ ఆయన్ని 'పాడుం పాదిరి' అంటారు.

నన్నడిగితే గురువు పాడటంలో తప్పేమీ లేదు. పాట వినడానికైనా నాలుగు కుర్రకాళ్ళు గుళ్ళోకి వస్తే ఫాదర్ గారికి అంతకంటే ఏం కావాలి? ఆ రాత్రి నన్ను పట్టుకున్న ప్రశ్న వేరే.

నాలుగో పాటకి ప్యాడు కుర్రోడు ఏదో బొత్తాం నొక్కాడు. ఒక్కసారిగా పలక మోగింది. పలకంటే డప్పే. మా వైపు పలక అంటారు, తప్పెట అంటారు. అసలు పలకైతే మంట దగ్గర కాగబెట్టాలి, వేలితో తట్టి చెవికి ఆనించి చూసుకోవాలి, చల్లబడితే మళ్ళీ మంట దగ్గరకి పోవాలి. ఇదేమో ఎవరో ఎక్కడో వాయిస్తే రికార్డు చేసి చిప్పులో పెట్టిన ముక్క. సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, ఆ శాంపిల్ సంగతి నాకు తెలుసు. అయినా ఒళ్ళు జలదరించింది. జనం ఊగిపోయారు. అక్కడున్నవాళ్ళలో సగం మంది తాతలు పలక కొట్టినవాళ్ళే. స్టేజీ మీద పలక లేదు, పలక కొట్టేవాడూ లేడు.

మా జేజినాయన మా ఊరి పలక. జాతరకి, పీర్ల పండక్కి, పెండ్లికి, చావుకి, ఊర్లో చాటింపుకి ఆయనే పోవాలి. కూలి లేదు. కళ్ళాల కాలంలో ఇన్ని గింజలు పడేసేవాళ్ళు. రానంటే ఆ గింజలూ ఉండవు, పైగా మాటలు పడాలి. 1950లలో అప్పటి విచారణ గురువు ఒకరు 'జ్ఞానస్నానం తీసుకున్నవాడు జాతరలో వాయించకూడదు, వాయిస్తే సత్ప్రసాదం ఇవ్వను' అని తేల్చి చెప్పారు. జేజినాయన పలక తీసి అటక మీద పెట్టేశాడు. మళ్ళీ దించలేదు.

మా అవ్వ ఈ కథ రెండు రకాలుగా చెప్పేది. ఒకసారి "పలక ఇడిసినంకనే మీ జేజినాయన ఊర్లో తలెత్తుకోని నడిసినాడు" అనేది. ఇంకోసారి "రేత్రిపూట సత్తుతట్ట మింద ఏళ్ళతో కొట్టుకుంటాండె, నేను సూస్తే ఆపేస్తాండె" అనేది. రెండూ నిజమే. నాకు ఇప్పటికీ రెంటిలో దేన్నీ వదులుకోవడం చేతకాలేదు.

చిన్నప్పుడు ఇది ఆ ఫాదర్ గారి సొంత పెత్తనం అనుకునేవాణ్ణి. తర్వాత చరిత్ర పుస్తకాలు తిరగేస్తే తెలిసింది, ఆ మాటకి అప్పటికే రెండొందల యాభై ఏళ్ళ వయసుందని.

1700ల మొదట్లో ఫ్రెంచి జెసూట్ గురువులు పుదుచ్చేరి నుంచి పుంగనూరు మీదుగా సీమలోకి వచ్చారు. మదురైలో రాబర్ట్ డి నోబిలి అంతకు వందేళ్ళ ముందు వేసిన బాటలోనే నడిచారు. కావి కట్టారు, మాంసం మానేశారు, సన్యాసులమన్నారు. పైకులాల వాళ్ళు దగ్గరికి రావాలంటే ఇదే దారి అనుకున్నారు. దాంతోపాటు ఇంకో పని కూడా చేశారు. అంటరానివాళ్ళకి జ్ఞానస్నానం ఇచ్చినా వాళ్ళ ఇళ్ళల్లో అడుగుపెట్టేవాళ్ళు కాదు.

ఈ పద్ధతుల మీద తగువు రోము దాకా పోయింది. పోపు దూతగా టూర్నాన్ అనే ఆయన 1703 నవంబరులో పుదుచ్చేరిలో దిగి, 1704 జూన్ 23న 16 అంశాల ఉత్తర్వు రాశాడు. తాళి మీద దేవతల బొమ్మలు ఉండకూడదు, పెండ్లిలో కొబ్బరికాయ కొట్టకూడదు, ఇలా సాగుతుంది. వాటిలో రెండు అంశాలు మా ఇంటికి సంబంధించినవి. ఒకటి, క్రైస్తవులైన వాయిద్యగాళ్ళు గుళ్ళల్లో, దేవతల ఉత్సవాల్లో వాయించకూడదు. రెండోది, అంటరానివాడు జబ్బుపడితే గురువు వాడి ఇంటికి పోయి తీరాలి.

ఒకే కాయితం. ఒక చేత్తో గురువుని మా గుడిసెలోకి తోసింది, ఇంకో చేత్తో మా పలక లాక్కుంది.

ఆ తర్వాత జరిగింది ఇంకా తమాషా. నలభై ఏళ్ళు లాగి లాగి 1744లో పోపు 14వ బెనెడిక్టు ఆఖరి తీర్పు ఇచ్చాడు. వాయిద్యాల మీద నిషేధం అట్లాగే ఉంచాడు. ఇంటికి పోవాలన్న దగ్గర మాత్రం జెసూట్లు ఒక సర్దుబాటు ప్రతిపాదించారు. అంటరానివాళ్ళ కోసం వేరే గురువులని పెడతాం, పైకులాలకి వేరేవాళ్ళు ఉంటారు అని. పోపు సరేనన్నాడు. పలక కొట్టేవాడికి పెట్టిన రూలు రూలుగానే మిగిలింది, గురువుకి పెట్టిన రూలుకి సందు దొరికింది. ఏ ఆఫీసులోనైనా పాలసీలు ఇట్లాగే కదా అమలయ్యేది!

కాలం మారింది. 1963 డిసెంబరు 4న రెండవ వాటికన్ మహాసభ ఆరాధన మీద తన శాసనాన్ని విడుదల చేసింది. అనుకూలంగా 2,147 ఓట్లు, వ్యతిరేకంగా 4. లాటిన్ పూజ పోయి తెలుగు పూజ రావడానికి తలుపు తెరిచింది అదే. అందులో 119వ అంశం, మిషన్ దేశాల ప్రజలకి తమ సొంత సంగీతం ఉంది, దానికి తగిన గౌరవం ఇవ్వాలి అంటుంది. 120వది, పవిత్రమైన వాడుకకి తగిన వాయిద్యాలని రానివ్వొచ్చు అంటుంది. కిటుకంతా 'తగిన' అనే మాటలో ఉంది. తగినదో కాదో ఎవరు తేలుస్తారు?

మన దేశంలో ఎవరు తేల్చారో చూడండి. 1969లో భారతదేశ పూజ కోసం రోము 12 మార్పులకి ఒప్పుకుంది. చెప్పులు విడవడం, నేల మీద కూర్చోవడం, చేతులు జోడించడం, హారతి. అన్నీ మంచివే. కానీ ఇవి ఏ వీధి అలవాట్లు? మా వీధిలో దేవుడికి హారతి కంటే ముందు పలక మోగుతుంది. ఆ తర్వాత కాలంలో దళిత క్రైస్తవ మేధావులు అడిగింది సరిగ్గా ఇదే. భారతీయత అంటే అగ్రహారం ఒక్కటేనా అని.

ఈ విషయంలో ప్రొటెస్టెంటు తమిళులు మనకంటే ముందున్నారు. మదురైలో థియోఫిలస్ అప్పావు అనే సీఎస్ఐ పాస్టరు (2005లో పోయారు) జానపద బాణీల్లో, పరై వాయిద్యంతో ఏకంగా ఆరాధన క్రమమే కట్టారు. సత్యనాథన్ క్లార్క్ 1998లో వచ్చిన తన పుస్తకంలో దళితుల డప్పునే క్రీస్తుకి గుర్తుగా చూపించాడు. మన దగ్గర ఆ పని గుడి బయట జరిగింది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా పుట్టినప్పుడు, ఊరు చాటింపుకి వాడుకున్న డప్పే జెండా అయ్యింది. ఎవరి ముందో వంగి కొట్టినది, నిలబడి కొట్టారు.

జేజినాయన వదిలింది వెట్టిని, పలకని కాదు. కానీ ఆయన ముందు రెండూ కట్టకట్టి పెట్టారు. ఇప్పుడు ఆ కట్ట విప్పొచ్చు కదా అనేదే నా బాధ.

విప్పొచ్చన్న ఆశకి ఆధారం కూడా మా పీఠం నుంచే ఉంది. కర్నూలు జిల్లా పోలూరులో పుట్టి, 2008 నుంచి 2020 దాకా కర్నూలు బిషప్పుగా చేసిన పూల అంథోని గారు 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యారు. దళితుల్లోంచి వచ్చిన మొట్టమొదటి కార్డినల్. 2025 మేలో కొత్త పోపుని ఎన్నుకున్నవాళ్ళలో ఆయనా ఒకరు. ఒకప్పుడు ఎవరింటికి పొమ్మని రోము గురువులకి ఆజ్ఞ రాయాల్సి వచ్చిందో, ఆ ఇళ్ళవాడు రోములో ఓటేశాడు.

ఇంతకీ ఆ రాత్రి ఫాదర్ గారి పాటలు అయినాక పోయి కలిశాను. పాట బాగుందని చెప్పి, ఆ ప్యాడు బదులు మనవాళ్ళతో నిజం పలక కొట్టిస్తే ఎలా ఉంటుంది ఫాదర్ అని అడిగాను. ఆయన ఏమీ నొచ్చుకోలేదు. "తప్పకుండా, వచ్చే పండక్కి మీరే ఎవరినైనా పట్టుకురండి, నేను స్టేజీ ఎక్కిస్తా" అన్నారు. మంచి మనిషి.

మర్నాడు పొద్దున మా వీధిలో ఇల్లిల్లూ అడిగాను. ఒకడు డిగ్రీ, ఒకడు సిమెంటు ఫ్యాక్టరీ, ఒకడు కువైట్ నుంచి వచ్చి ఉన్నాడు. పలక పట్టడం ఒక్కడికీ రాదు. "అది మనం కొట్టకూడదని మా తాత చెప్పినాడు గదన్నా" అన్నాడొకడు.

అటక ఎక్కి చూస్తే తోలు ఎలకలు కొట్టేశాయి. చెక్క చట్రం బాగానే ఉంది. తోలు వేసేవాళ్ళు ఎక్కడున్నారో వాకబు చేస్తున్నాను. నేర్పేవాళ్ళు మీకెవరైనా తెలిస్తే చెప్పండి. వచ్చే పండక్కి ఇంకా టైముంది.