పికప్ వెనక కానోపీ వేస్తే మైలేజీ పెరుగుతుందా.. తగ్గుతుందా? లక్ష పెట్టే ముందు ఈ లెక్క చూడండి!

పికప్ ట్రక్కు కొన్నవాళ్లకు యాక్సెసరీస్ షాపుల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది. వెనక బాడీ ఖాళీగా ఉంటే గాలి అందులో పడి బండిని వెనక్కి లాగుతుందట.. పైన కానోపీ బిగిస్తే గాలి సాఫీగా జారిపోయి డీజిల్ మిగులుతుందట. వినడానికి నిజమే అనిపిస్తుంది. కానీ గాలి అలా నడుచుకోదు. అసలు విషయం ఏంటో చూద్దాం.

మన దగ్గర సొంత అవసరాలకు, టూర్లకు పికప్ కొనేవాళ్లు ఈ మధ్య కనిపిస్తున్నారు. ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ అయితే మన శ్రీసిటీ ప్లాంట్‌లోనే తయారవుతోంది. 2016లో ఆ ప్లాంట్ మొదలైంది. 2022లో టొయోటా హైలక్స్ కూడా దేశంలోకి వచ్చింది. సామాను తడవకుండా, దొంగల పాలు కాకుండా ఉండాలని వీటి వెనక ఫైబర్ కానోపీ పెట్టించుకుంటున్నారు. దాంతో పేచీ లేదు. మైలేజీ పేరు చెప్పి అమ్మితేనే ఆలోచించాలి.

ఖాళీ బాడీలో గాలి ఏం చేస్తుంది?

బండి స్పీడుగా వెళ్తుంటే క్యాబిన్ మీద నుంచి వచ్చే గాలి నేరుగా వెళ్లి వెనక డోరుకు, అంటే టెయిల్‌గేట్‌కు, కొట్టుకోదు. బాడీలో కొంత గాలి చిక్కుకుని సుడిలా గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. ఆ సుడి ఒక మెత్తటి దిండులా పనిచేస్తుంది. పైనుంచి వచ్చే గాలిలో చాలా భాగం దాని మీదుగా జారి, వెనక డోరు దాటి పోతుంది. డోరు దించేస్తే ఏమవుతుంది? ఆ దిండు చెదిరిపోతుంది. అమెరికాలో పికప్‌ల వాడకం ఎక్కువ కాబట్టి ఈ వాదన అక్కడ ఏళ్ల తరబడి నడిచింది. 'మిత్‌బస్టర్స్' టీవీ షోలో ఒకే రకం ట్రక్కులతో దీన్ని పరీక్షించి చూశారు. వెనక డోరు మూసి నడిపిన ట్రక్కే ఎక్కువ దూరం వెళ్లింది! మైలేజీ కోసం డోరు దించి తిరిగేవాళ్లు చేస్తున్నది అక్షరాలా రివర్స్ పనే అన్నమాట.

ఇక కానోపీ సంగతి. క్యాబిన్ ఎత్తుతో సమానంగా ఉండే కానోపీ ముందు నుంచి కొత్తగా గాలికి అడ్డుపడదు. తంటా అంతా వెనక వైపే. కానోపీ చివర నిలువుగా, గోడలా తెగిపోయి ఉంటుంది. అక్కడ గాలి ఒక్కసారిగా విడిపోయి, బండి వెనక తక్కువ ఒత్తిడి ప్రాంతం ఏర్పడుతుంది. అదే బండిని వెనక్కి పీలుస్తుంది. బాడీలోని సుడిని తీసేసిన లాభం కొంత, వెనక గోడ పెరిగిన నష్టం కొంత.. రెండూ కలిస్తే తేడా చాలా స్వల్పం. బండి మోడల్‌ను బట్టి అటో ఇటో మొగ్గుతుంది.

క్యాబిన్ కంటే ఎత్తుగా ఉండే కానోపీ అయితే అనుమానమే అక్కర్లేదు, నష్టమే. దాని మీద మళ్లీ రూఫ్ ర్యాక్, టెంట్ కూడా బిగిస్తే ఇంకా ఘోరం. కార్ల పైన పెట్టే లగేజీ బాక్సుల గురించి అమెరికా ఇంధన శాఖ చెప్పే లెక్క ప్రకారం హైవేలో మైలేజీ 6 నుంచి 17 శాతం దాకా పడిపోవచ్చు. కానోపీకి ఈ అంకె నేరుగా వర్తించదు కానీ, గాలికి ఎదురుగా ఏదైనా నిలబెడితే ఎంత తినేస్తుందో దీన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు.

క్యాబిన్ వెనక నుంచి డోరు వైపు మెల్లగా ఏటవాలుగా దిగే కానోపీలు మాత్రం గాలి విషయంలో నిజంగానే మేలు. చిక్కేంటంటే, అలాంటివాటిలో ఎత్తైన సామాను పట్టదు. అందుకే షాపుల్లో పెద్దగా కనిపించవు. బాడీని పైన సమంగా మూసే టానో కవర్ వల్ల కూడా గాలి అడ్డు కొంచెం తగ్గుతుంది, బరువూ తక్కువ. మైలేజీ ఒక్కటే కావాలంటే కానోపీ కంటే దీనికే ఓటు వేయొచ్చు.

బరువు మర్చిపోవద్దు

ఫైబర్ కానోపీ సాధారణంగా 60 నుంచి 100 కిలోల దాకా ఉంటుంది. ఇనుముతో చేయిస్తే అంతకు మించే. బండిలో సుమారు 45 కిలోల అదనపు బరువుకు 1 శాతం మైలేజీ తగ్గుతుందని అదే అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. చిన్న బండ్లకు ఈ దెబ్బ ఎక్కువ, రెండు టన్నులకు దగ్గరగా ఉండే పికప్‌లకు కాస్త తక్కువ. సిటీ సిగ్నళ్ల మధ్య ఆగి ఆగి నడిపేవాళ్లకు గాలి లాభం దాదాపు సున్నా, బరువు నష్టం మాత్రం రోజూ ఉంటుంది. గాలి అడ్డు స్పీడుతో పాటు రెట్టింపై పోదు, దాని వర్గంలో పెరుగుతుంది. 40లో ఉన్నదానికంటే 80లో నాలుగు రెట్లు! 80 నుంచి 100కు వెళ్తేనే ఒకటిన్నర రెట్లు దాటుతుంది. స్పీడు 100 నుంచి 80కి దించితే మిగిలే డీజిల్ ముందు ఏ కానోపీ పనికిరాదు.. పైగా అది ఫ్రీ.

ఇప్పుడు డబ్బుల లెక్క. ఏడాదికి 20 వేల కిలోమీటర్లు, లీటరుకు 12 కిలోమీటర్ల మైలేజీ, లీటరు డీజిల్ 100 రూపాయలు అనుకుందాం. ఏడాదికి సుమారు 1,667 లీటర్లు. కానోపీతో 3 శాతం మిగిలిందనే అనుకున్నా 50 లీటర్లు, అంటే 5 వేల రూపాయలు. కానోపీకి లక్ష పెడితే అది తిరిగి రావడానికి 20 ఏళ్లు. అప్పటికి బండి ఉంటుందా?

బొలెరో, టాటా ఏస్, దోస్త్ లాంటి సరుకు బండ్ల ఓనర్లకు ఇది ఇంకోలా ఉంటుంది. ఇక్కడ కానోపీ అంటే ఇనుప కమ్మీలు, పైన టార్పాలిన్ పట్టా. మదనపల్లె నుంచి టమాటా లోడుతో వెళ్లే బండికి పట్టా తప్పదు. కానీ తాడు వదులైన పట్టా గాలికి టపటపా కొట్టుకుంటుంటే ఆ కొట్టుకునే శక్తి కూడా మీ డీజిల్ నుంచే వస్తుంది. బిగించి కట్టడం, ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు వీలైతే పట్టా మడిచి కింద పెట్టడం.. వీటికి పైసా ఖర్చు లేదు.

కానోపీ ఇప్పటికే ఉన్నవాళ్లు డ్యాష్‌బోర్డు చూపించే మైలేజీని నమ్ముకోకుండా ఫుల్ ట్యాంక్ టు ఫుల్ ట్యాంక్ పద్ధతిలో చూసుకోవచ్చు. అదే బంకు, అదే రోడ్డు, అదే స్పీడు, టైర్లలో అదే గాలి. కానోపీతో మూడు నాలుగు ట్యాంకులు, తీసేసి మూడు నాలుగు ట్యాంకులు. ఒక్క ట్యాంకుతో తేల్చేస్తే ఎదురుగాలి వీచిన రోజు కానోపీ మీద నింద పడుతుంది.

కొత్తగా వేయించేవాళ్లు ఒక్కసారి ఆర్టీఏ ఆఫీసులో అడిగి వేయించుకోవడం మంచిది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన ఒరిజినల్ వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. బిల్లు, కానోపీ బరువు వివరాలు దగ్గర పెట్టుకుని, ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా ముందే చెప్పి ఉంచండి. క్లెయిమ్ టైంలో ఈ కాగితాలే అడుగుతారు.