దస్తర్‌ఖాన్‌కి బ్రాకెట్ ఎందుకు?

మా భాంజీ డిగ్రీ చదువుతోంది. పోయిన రంజాన్ సెలవులకి చిల్లకూరు వచ్చినప్పుడు తను రాసిన కహానీ నా చేతిలో పెట్టి, "మామూ, పత్రికకి పంపొచ్చేమో చూడు" అంది. చదివాను. బాగుంది. కానీ నాలోని పాత భయం ఊరుకోదు కదా! "నానీమా అని ఉన్నచోటల్లా అమ్మమ్మ అని మార్చు బేటీ, ఎడిటర్‌కి అర్థం కావాలి" అన్నాను. ఆ కహానీలో నానీమా ఎవరో కాదు, మా అమ్మీనే. పక్కగదిలో పడుకుని అంతా వింటోంది. "ఈ ఇంట్లో నన్నెవరు అమ్మమ్మా అని పిలుస్తార్రా?" అంది.

నాకు జవాబు దొరకలేదు. ఆ రాత్రి మన తెలుగు ముసల్మాన్ల రాతల తారీఖ్ మళ్ళీ తిరగేశాను.

1885లో పుట్టిన పిఠాపురం కవి ఉమర్ అలీషా గారు పద్యం, నాటకం, నవల అన్నీ రాశారు. పండితులు తలూపే తెలుగు ఆయనది. ఆ జమానాలో తెలుగు అదబ్‌లోకి ఉన్న దర్వాజా అదే. ఇంటి జబాన్‌ని చెప్పులతోపాటు బయట వదిలి లోపలికి పోవాలి. ఇందులో ఆయన కసూర్ ఏమీ లేదు. మనలో చాలామందిమి మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం అదే దర్వాజా దగ్గర నిలబడిపోయాం.

1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. అది బాబ్రీ మస్జిద్ కూల్చాక రాసిందని చాలామంది అనుకుంటారు గానీ, ఏడాది ముందే వచ్చింది. 1998లో స్కైబాబా సంపాదకత్వంలో 'జల్‌జలా' కవితా సంకలనం. అట్ట మీద 'భూకంపం' అని తర్జుమా చేసి పెట్టలేదు, గమనించండి.

ఇక మా నెల్లూరు సంగతి. మొన్న 2022లో మా చిల్లకూరుని తిరుపతి జిల్లాలో కలిపారు గానీ, మా మాట నెల్లూరుదే. దర్గామిట్ట అంటే మాకు బారాషహీద్ దర్గా, స్వర్ణాల చెరువు, రొట్టెల పండగ. కావలిలో పుట్టిన మహమ్మద్ ఖదీర్‌బాబు 1999లో 'దర్గామిట్ట కతలు' తెచ్చాడు. 'కథలు' కాదు, 'కతలు'. నెల్లూరు యాస, ముస్లిం ఇల్లు, పిల్లోడి బచ్‌పన్. ఉర్దూ ముక్క రాని ఇళ్ళల్లో కూడా జనం నవ్వుకుంటూ చదివారు. ఎవరికీ నిఘంటువు అవసరం పడలేదు. తర్వాత ఆయనే కథ రాసే హునర్ మీద 'కథలు ఇలా కూడా రాస్తారు' అని ఒక కితాబు వేశాడు. కొత్తగా ఖలం పట్టేవాళ్ళు ముందు కతలు చదివి, ఆ తర్వాత ఇది చదివితే మేలని నా ఖయాల్. వేంపల్లె షరీఫ్ 'జుమ్మా'కి 2012లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. ఆ పేరు చూడండి, మన ఇంట్లో ప్రతి వారం పలికే మాట.

వీళ్ళ రాతల్లో నేను పట్టుకున్న కిటుకు ఒకటుంది. మా భాంజీ 'దస్తర్‌ఖాన్' అని రాసి, పక్కన బ్రాకెట్లో 'భోజనాల గుడ్డ' అని పెట్టింది. బ్రాకెట్ దగ్గర కహానీ ఆగి పాఠం మొదలవుతుంది. అదే "నానీమా దస్తర్‌ఖాన్ దులిపి పరిచింది, పిల్లలు గిన్నెలు తెచ్చి దాని మీద పెట్టారు" అంటే చాలు. ఇంకోటి, స్పెల్లింగ్ కోసం ఉర్దూ లుగత్ తెరవొద్దు. మన ఇంట్లో 'నక్కో' అంటే 'నక్కో' అనే రాయాలి. లక్నో వాళ్ళు నవ్వితే నవ్వనీండి.

అచ్చు సంగతికి వస్తే, మనవాళ్ళు ఒకరి దయ కోసం కూర్చోలేదు. స్కైబాబా వాళ్ళు 'నసల్ కితాబ్ ఘర్' పేరుతో సొంతంగా కితాబులు వేశారు. 2004లో 'వతన్' అని ముస్లిం కథలన్నీ ఒకచోట చేర్చారు. మా జిల్లా పురిణిలో పుట్టిన సయ్యద్ నశీర్ అహమ్మద్ గారు ఆజాద్ హౌస్ ఆఫ్ పబ్లికేషన్స్ పెట్టుకుని 2010లో 'అక్షరశిల్పులు' వేశారు. 300కు పైగా తెలుగు ముస్లిం కవులు, రచయితల వివరాలు అందులో ఉన్నాయి. ఒక్కొక్కరి పేరు, ఊరు, రాసిన కితాబులు పోగెయ్యడం ఎంత మెహనతో ఊహించుకోండి. తర్వాత తన కితాబుల్ని ఇంటర్నెట్‌లో ముఫ్త్‌గా చదువుకోమని వదిలేశారు.

నేను కుర్రాడిగా ఉన్నప్పుడు కథతోపాటు స్టాంపులంటించిన కవరు పెట్టి పంపేవాణ్ణి. ఆ కవరే నాకంటే నమ్మకంగా ఇంటికి తిరిగొచ్చేది! ఇప్పుడు యూనికోడ్‌లో టైప్ చేసి మెయిల్ చేస్తే చాలు. కానీ హామీపత్రం మరిచిపోవద్దు: ఇది నా సొంత రచన, ఇంకెక్కడా అచ్చు కాలేదు, వేరే చోట పరిశీలనలో లేదు అని. ఒకే కథ నాలుగు పత్రికలకి ఒకేసారి పంపితే ఎడిటర్ దగ్గర ఇజ్జత్ పోతుంది. సొంతంగా కితాబు వేసుకునేవాళ్ళకి ఐఎస్‌బీఎన్ నంబర్ కేంద్ర ప్రభుత్వ సంస్థే ఇస్తుంది, పైసా తీసుకోదు. దానికోసం ఎవరైనా వేలు అడిగితే ఇవ్వకండి.

మర్నాడు పొద్దున్నే భాంజీ దగ్గర మాఫీ అడిగాను. 'అమ్మమ్మ'లన్నీ కొట్టేసి 'నానీమా' చేసింది. అమ్మీకి పైకి చదివి వినిపించింది. అమ్మీ రెండు చోట్ల ఆపి, "నేనట్లా అననే" అని సరిదిద్దింది. ఇంకా ఒక పేజీ మిగిలుంది.