గొంతు ఒకరిది, పేరు అందరిది

2024 ఫిబ్రవరిలో ఉత్తమ రాక్ ఆల్బమ్ విభాగంలో గ్రామీ పురస్కారం పారామోర్ బ్యాండ్ ఆరో ఆల్బమ్ 'దిస్ ఈజ్ వై'కి దక్కింది. గాయని ముందుండి నడిపే బ్యాండ్‌కు ఆ బహుమతి రావడం అదే మొదటిసారి. ఇంకో సంగతీ ఉంది. వరసగా రెండు ఆల్బమ్‌లకు సభ్యులెవరూ మారకపోవడం కూడా పారామోర్ చరిత్రలో అదే మొదలు. ఈ తరహా బ్యాండ్ల కథ తెలిసినవారికి ఈ రెండోదే పెద్ద వార్త.

కథ 1960ల శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలవుతుంది. 1966లో జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్‌లో చేరిన గ్రేస్ స్లిక్ తన పాత బృందం నుంచి రెండు పాటలు వెంట తెచ్చారు. మరుసటి ఏడాది ఆ బ్యాండ్‌ను దేశమంతా వినిపించినవి అవే. అదే ఊళ్లో బిగ్ బ్రదర్ అండ్ ద హోల్డింగ్ కంపెనీకి జానిస్ జాప్లిన్ గొంతే పెట్టుబడి. 1968లో వాళ్ల 'చీప్ థ్రిల్స్' అమెరికా ఆల్బమ్ పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. ఆ ఏడాది చివరికల్లా ఆమె బ్యాండ్ వదిలి సొంత దారి పట్టారు. రికార్డు కంపెనీలకు అక్కడే లెక్క తెలిసింది: జనం చూపు గాయని మీద ఉంటే, మిగతావాళ్లు ఉన్నా లేనట్టే.

ఆ చూపు మర్యాదగా ఉండాలన్న నియమమూ లేదు. ఆన్, నాన్సీ విల్సన్ అక్కాచెల్లెళ్లు నడిపిన హార్ట్ బ్యాండ్ రికార్డు అమ్ముకోవడానికి మష్రూమ్ రికార్డ్స్ వాళ్లిద్దరి బంధం గురించి వెకిలిగా ధ్వనించే ప్రకటన వేసింది. ఆ కోపంలోంచే 1977లో 'బారకూడా' పాట పుట్టింది.

గాయనికీ బ్యాండ్‌కూ మధ్య ఈ పేచీ కళ్లకు కట్టేది బ్లాండీ బ్యాండ్ విషయంలో. 1978లో వచ్చిన 'ప్యారలల్ లైన్స్' అట్ట చూడండి. నలుపు తెలుపు చారల ముందు నల్లసూట్లలో అయిదుగురు మగవాళ్లు నవ్వుతూ నిలబడి ఉంటారు. మధ్యలో తెల్లగౌను వేసుకున్న గాయని డెబీ హ్యారీ, నడుం మీద చేతులు పెట్టుకుని, నవ్వు జాడే లేకుండా. బ్లాండీ అంటే ఆమె పేరే అనుకున్నారు చాలామంది. చివరికి బ్లాండీ ఒక బృందమని రాసిన బ్యాడ్జీలు పంచాల్సి వచ్చింది.

లోపలి పాట మాత్రం ఒక్కరితో అయ్యేది కాదు. 'హార్ట్ ఆఫ్ గ్లాస్' కొన్నేళ్ల ముందే డెమోగా చేసి పక్కన పడేసిన పాట. నిర్మాత మైక్ చాప్‌మన్ చేతిలో అది కొత్త రూపు తీసుకుంది. రోలాండ్ సీఆర్-78 అనే రిథమ్ యంత్రం వేసే తాళానికి డ్రమ్మర్ క్లెమ్ బర్క్ తు.చ. తప్పకుండా వాయించాలి, దాని మీద కీబోర్డు, గిటారు పేర్చాలి. 1979 ఏప్రిల్‌లో అది అమెరికాలో మొదటి స్థానంలో నిలిచింది. కీర్తి మాత్రం ఫొటోలో ముందున్నవారికే పోయింది.

తర్వాతి తరం ఈ ఇబ్బందినే పాటల్లోకి తెచ్చింది. 1995లో 'ట్రాజిక్ కింగ్‌డమ్' విడుదల చేసిన నో డౌట్, 'డోంట్ స్పీక్' వీడియోలో తమ గొడవను తామే నటించి చూపింది. ఫొటోలు తీస్తుంటే దృష్టంతా గాయని గ్వెన్ స్టెఫానీ మీదే, మిగతా ముగ్గురూ పక్కకు. ఆ పాట అదే బ్యాండ్‌లోని టోనీ కనాల్‌తో ఆమెకు తెగిపోయిన ప్రేమ గురించి. ఐర్లండ్ బృందం క్రాన్‌బెర్రీస్‌ది మరో ముగింపు. 2018లో గాయని డొలొరెస్ ఒరియోర్డన్ చనిపోయాక, ఆమె డెమోలతోనే 2019లో చివరి ఆల్బమ్ తెచ్చి, ఆ పేరుతో ఇక కొనసాగేది లేదన్నారు మిగతా ముగ్గురూ.

పారామోర్‌కు ఈ చిక్కు పుట్టుకతోనే వచ్చింది. 2003లో అట్లాంటిక్ రికార్డ్స్ ఒప్పందం రాసుకున్నది పద్నాలుగేళ్ల హేలీ విలియమ్స్ ఒక్కరితోనే. కంపెనీకి కావలసింది పాప్ గాయని, ఆమె పట్టుబట్టింది బ్యాండ్ కోసం. అందుకే 2005లో తొలి ఆల్బమ్ ఫ్యూయెల్డ్ బై రామెన్ అనే అనుబంధ లేబుల్ పేరుతో వచ్చింది. పారామోర్ ఒక బ్యాండ్ అని టీషర్టుల మీద అచ్చేశారు. బ్లాండీ బ్యాడ్జీల తర్వాత ముప్ఫై ఏళ్లకు మళ్లీ అదే మాట. కానీ టీషర్టు ఒప్పందాన్ని మార్చలేదు. 2010 డిసెంబరులో జోష్, జాక్ ఫారో సోదరులు వెళ్లిపోయారు. బ్యాండ్ కంపెనీ తయారుచేసిన సరుకని జోష్ దుయ్యబట్టారు. బేసిస్టు జెరెమీ డేవిస్ 2015లో తప్పుకున్నాక తగవు కోర్టుకెక్కింది. భాగస్వామినని ఆయన, జీతగాడని అవతలి పక్షం. 2017లో రాజీ కుదిరింది.

అదే ఏడాది 'ఆఫ్టర్ లాఫ్టర్' కోసం జాక్ ఫారో తిరిగొచ్చారు. విలియమ్స్, గిటారిస్టు టేలర్ యార్క్, ఫారో: ఆ ముగ్గురే 2023 ఫిబ్రవరిలో 'దిస్ ఈజ్ వై' తెచ్చారు. టైటిల్ పాటలో గిటారు తెగితెగి పలుకుతుంది, డ్రమ్స్ సందు చూసుకుని పడతాయి, గొంతు ఆ ఖాళీల్లో మెసలుతుంది. ఒకరి కోసం ఒకరు ఆగడం అలవాటైనవాళ్ల వాయింపు అది. ఈ రెండు ఆల్బమ్‌ల మధ్య విలియమ్స్ సొంతంగా రెండు ఆల్బమ్‌లు చేసి, మళ్లీ బ్యాండ్‌లోకి వచ్చి కూర్చున్నారు. జాప్లిన్ కాలంలో గాయని సొంత ఆల్బమ్ అంటే బ్యాండ్ వదిలినట్టే. ఇరవై ఏళ్ల అట్లాంటిక్ ఒప్పందం 2023తో ముగిసింది. ఇక పారామోర్ ఉండాలా వద్దా అన్నది ఆ ముగ్గురూ తేల్చుకోవలసిన విషయం. బ్యాడ్జీలు, టీషర్టులు అడిగింది ఈ హక్కునే.