ఆటస్థలంలో పెద్దరికం: సంగం, ఆత్మకూరు, ఉదయగిరి బడుల్లో వ్యాయామ ఉపాధ్యాయుల నాయకత్వ శిక్షణ

అమెరికా హైస్కూళ్లలో అథ్లెటిక్ డైరెక్టర్ అని ఒక ఉద్యోగి ఉంటాడు. కోచ్‌లను ఎంచుకోవడం, ఆటల ఖర్చు చూసుకోవడం, పోటీల తేదీలు కుదర్చడం, తల్లిదండ్రుల తగవులు తీర్చడం, పిల్లల భద్రతకు పూచీపడడం ఆయన పని. మన జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ఆ పేరుతో పోస్టు లేదు. పని మాత్రం ఉంది. దాన్ని వ్యాయామ ఉపాధ్యాయుడు (పీఈటీ) గానీ, వ్యాయామ విద్య స్కూల్ అసిస్టెంటు గానీ చేస్తారు; జూనియర్ కళాశాలలో అయితే ఫిజికల్ డైరెక్టరు. జట్టుకు కోచ్ ఆయనే, బడి ఆటలకు అధిపతీ ఆయనే, ఆ అధిపతి కింద పనిచేసే ఏకైక ఉద్యోగీ ఆయనే.

దీనికి తోడు ఉదయం ప్రార్థన వరసలు, ఆలస్యంగా వచ్చినవాళ్ల విచారణ, మధ్యాహ్న భోజనం దగ్గర తోపులాట, ఆగస్టు 15 కవాతు. బడి క్రమశిక్షణ అంతా ఆయన ఈలలో ఉందని ప్రధానోపాధ్యాయుల నమ్మకం. నెల్లూరు జిల్లా పడమటి మండలాలను ఎదురుగా పెట్టుకుని ఈ వ్యాసం చేసే వాదన ఒక్కటే: నాయకత్వం ఈ ఉద్యోగంలో ఉంది, ఉద్యోగానికి ఇచ్చే శిక్షణలో లేదు. ఆ లోటు ఎక్కడో నగరంలో పెట్టే వారం రోజుల తరగతులతో తీరదు. ఏటా జరిగే మండల పోటీలనే శిక్షణాలయంగా మలచుకోవాలి.

నేల, వాన, దూరం

సంగం పెన్న ఒడ్డు ఊరు, నెల్లూరు–ముంబయి రహదారి మీద ఉంది. పంతొమ్మిదో శతాబ్దపు ఆనకట్ట అక్కడే, 2022 సెప్టెంబరులో ప్రారంభమైన మేకపాటి గౌతమ్‌రెడ్డి బ్యారేజీ అక్కడే. ఆనకట్ట నీళ్లు పారే కింది ఊళ్లు మాగాణి. ఆత్మకూరు దాటి మర్రిపాడు వైపో, దుత్తలూరు మీదుగా ఉదయగిరి దుర్గం వైపో వెళ్లేకొద్దీ మెట్ట, ఎర్రనేల, ఎడమెడంగా ఊళ్లు. ఈ జిల్లాకు ఈశాన్య రుతుపవనాల వానే ప్రధానం. స్కూల్ గేమ్స్ ఎంపికలు సాగే నెలల్లోనే ఆ వాన కూడా మొదలవుతుంది. మాగాణి ఊరి మైదానం ఒక్క వానకే బురదగుంట అవుతుంది. మెట్ట ఊరి మైదానంలో నీళ్లు నిలవవు గానీ గులకరాయి తేలుతుంది, ఖోఖో ఆడే ఆడపిల్ల మోకాళ్లు దోక్కుపోతాయి.

కనుక సంగం పీఈటీకీ ఉదయగిరి పీఈటీకీ ఒకే కరదీపిక ఇచ్చి చేతులు దులుపుకుంటే కుదరదు. ఒకరు తేదీలతో కుస్తీ పట్టాలి, మరొకరు దూరంతో. సాయంత్రం ఆఖరి బస్సు పోతే ఊరికి చేరలేని పిల్ల చేత బడి విడిచాక సాధన చేయించాలా వద్దా అన్నది ఉదయగిరి వైపు నిజమైన నాయకత్వ సమస్య. ఏ శిక్షణ పుస్తకంలోనూ దానికి అధ్యాయం ఉండదు.

మద్రాసు వారసత్వం

నెల్లూరు 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో భాగం. అందుచేత ఇక్కడి వ్యాయామ విద్య కథ మద్రాసులోనే మొదలవుతుంది. ఒకప్పుడు మద్రాసు విద్యాశాఖ డైరెక్టరుగా పనిచేసిన హెచ్.బి. గ్రిగ్ పేరిట బడుల మధ్య పోటీలు నడిచాయి. కోస్తా జిల్లాల పాతతరం ఉపాధ్యాయులకు ‘గ్రిగ్స్’ అంటే ఇప్పటికీ తెలుసు. మల్లయోధుడు కోడి రామ్మూర్తి కూడా మద్రాసులో వ్యాయామ శిక్షణ పొంది వచ్చి విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసినవాడే. ఆ కాలంలో డ్రిల్లు మాస్టారంటే కండబలమూ గొంతూ. ఆయన్ని చూసి పిల్లలు నిటారుగా నిలబడితే చాలు, పాఠం అయిపోయినట్టే.

1920లో హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల స్థాపించాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టును నడిపించింది ఆయనే. కవాతు మీద కంటే ఆట మీద, పిల్లల చేత పిల్లలను నడిపించడం మీద ఆయన దృష్టి. నెల్లూరు వారికి రైలెక్కితే చేరువలో ఉన్న కళాశాల అది.

విచిత్రమేమంటే కోచ్‌ల నాయకత్వం మీద ప్రపంచమంతా వాడే సిద్ధాంతం కూడా ఆ కళాశాల మనిషిదే. మద్రాసు వైఎంసీఏలో చదివిన పి. చెల్లదురై కెనడా వెళ్లి పరిశోధన చేసి, 1978లో బహుముఖ నాయకత్వ నమూనా ప్రతిపాదించాడు. కోచ్ ప్రవర్తనను ఆయన మూడు వైపుల నుంచి చూశాడు. పరిస్థితి కోరేది ఒకటి, కోచ్ నిజంగా చేసేది రెండోది, జట్టు ఆశించేది మూడోది. ఈ మూడూ ఎంత దగ్గరైతే జట్టు ఆటా, ఆటగాళ్ల తృప్తీ అంత బాగుంటాయని ఆయన వాదన. 1980లో సలే అనే పరిశోధకుడితో కలిసి 40 ప్రశ్నల కొలమానం తయారుచేశాడు. ఆట నేర్పడం, నలుగురినీ అడిగి నిర్ణయించడం, ఒంటిచేత్తో నిర్ణయించడం, పిల్లల బాగోగులు చూడడం, మెచ్చుకోవడం అందులో కొలిచే ఐదు గుణాలు.

మన పీఈటీని ఈ నమూనాలో నిలబెడితే బొమ్మ తేటగా కనిపిస్తుంది. పరిస్థితి, అంటే ప్రధానోపాధ్యాయుడూ ఊరూ, కోరేది అదుపు. పిల్లలు కోరేది ఆట, కాస్త మెచ్చుకోలు. మధ్యలో నలిగిన మనిషి అలవాటుగా ఒంటిచేతి నిర్ణయానికే దిగుతాడు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బెత్తాన్ని నిషేధించి పదిహేనేళ్లు దాటింది. బెత్తం పోయిన చోట ఏం పెట్టాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు. తప్పు ఆయన మీద వేయడం సులువు. వేయవలసింది శిక్షణ మీద.

మండల పోటీ జరిగే రోజు

స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ 1954 నుంచి ఉంది. మన రాష్ట్రంలో మండలం, నియోజకవర్గం, జిల్లా, రాష్ట్రం అనే మెట్లు. మండల పోటీ ఆతిథ్యం ఏదో ఒక ఉన్నత పాఠశాలకు పడుతుంది. ఆ రోజు పొద్దున్నే పీఈటీ చేతిలో సున్నం తట్ట ఉంటుంది, కబడ్డీ కోర్టు గీతలు ఆరకముందే పక్క ఊళ్ల నుంచి ఆటోలు దిగుతాయి. బల్ల మీద ఎంట్రీ ఫారాలు, వయసు ధ్రువపత్రాలు, ప్రధానోపాధ్యాయుడి సంతకం మరిచిపోయిన కాగితం ఒకటి. తూకం దగ్గర అర కిలో ఎక్కువ తూగిన కుర్రాడు మైదానం చుట్టూ పరుగు తీస్తుంటాడు, అప్పటికి వాడు పొద్దుటి నుంచి ఏమీ తిని ఉండడు.

వాడిని ఆడనివ్వాలా? తినకుండా పరుగెత్తించడం ఒప్పా? ఆ నిర్ణయం ఎవరిది? కోచ్‌గా ఆయనకు ఆ కుర్రాడు కావాలి, పెద్దమనిషిగా వాడిని కూర్చోబెట్టి ఇడ్లీ పెట్టించాలి. నాయకత్వ శిక్షణ అనే మాటకు నిజమైన పరీక్ష ఇక్కడ ఉంది. తరగతి గదిలో తెర మీద చూపించే బొమ్మల్లో కాదు.

మధ్యాహ్నానికి ఇంకో చిక్కు వస్తుంది. నియోజకవర్గ స్థాయికి పంపే జట్టును ఎంచాలి. ఎంచేవాళ్లు అదే మండలం పీఈటీలు. తన బడి పిల్లవాడికి కోచ్, పక్క బడి పిల్లవాడికి న్యాయనిర్ణేత, ఇద్దరిలో ఒకరిని ఏరే సెలక్టరు, అంతా ఒకే మనిషి. ఎంత నిజాయితీపరుడైనా అనుమానానికి గురవుతాడు. "సార్, మా వాడు అంత బాగా ఆడితే ఎందుకు తీసేశారు?" అని తండ్రి అడిగితే చూపడానికి కాగితం ఉండదు, మార్కులు ఉండవు. ఎంపిక నోటిమాటగా సాగినన్నాళ్లూ ఈ ప్రశ్నకు జవాబు ఉండదు. నా దృష్టిలో గ్రామీణ క్రీడలకు పక్షపాతం కంటే ఎక్కువ చేటు చేస్తున్నది ఈ లెక్కాపత్రం లేకపోవడమే. పక్షపాతం కొన్నిచోట్ల ఉంటుంది, లెక్కాపత్రం లేని ఎంపిక ప్రతిచోటా అనుమానం పుట్టిస్తుంది.

జట్టుతో ప్రయాణం మరో బాధ్యత. ఆడపిల్లలు నెల్లూరు వెళ్లాలంటే ఉపాధ్యాయురాలు వెంట ఉండాలి. మహిళా పీఈటీ లేని బడిలో తెలుగు టీచరో, సోషల్ టీచరో బయలుదేరుతుంది. ఆమెకు ఆట నియమాలు తెలియవు, 2012 పోక్సో చట్టం కింద తన బాధ్యతేమిటో ఎవరూ చెప్పి ఉండరు. రాత్రి బస ఎక్కడ, గది తాళం ఎవరి దగ్గర, తల్లికి ఫోన్ ఎప్పుడు చేయాలి అన్నవి అమెరికాలో అథ్లెటిక్ డైరెక్టరు రాతపూర్వకంగా ముందే తేల్చి ఉంచే సంగతులు. ఇక్కడ అవి బస్సులో తేలుతాయి.

కల్లెడలో జరిగింది

పల్లె బడి పిల్ల పైమెట్టుకు ఎలా చేరుతుందో చూడాలంటే పొరుగున తెలంగాణకు వెళ్లాలి. వరంగల్ జిల్లా కల్లెడ చిన్న ఊరు. అక్కడి రూరల్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ బడి విలువిద్యలో వి. ప్రణీతను 2008 బీజింగ్ ఒలింపిక్స్ దాకా పంపింది. అదే ఊరి జీవాంజి దీప్తి మేధో వైకల్యంతో పుట్టిన పిల్ల. 2024 మేలో కోబె ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది. అదే ఏడు పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం. ఊళ్లో హేళన పడిన పిల్ల పరుగును మొదట గుర్తించింది బడి వ్యాయామ ఉపాధ్యాయుడు. తర్వాత ఆమె ద్రోణాచార్య గ్రహీత నాగపురి రమేశ్ శిక్షణలోకి హైదరాబాదు చేరింది.

ఈ కథను ప్రతిభ కథగా చెప్పుకోవడం మామూలు. నాయకత్వ కోణంలో చూస్తే ఇందులో ముఖ్యమైన పని అప్పగింత. బడి కోచ్ తన శిష్యురాలిని తన దగ్గరే అట్టిపెట్టుకోకుండా మరో చేతికి ఇవ్వాలి, ఇచ్చాక కుటుంబానికి ధైర్యం చెప్పాలి, బస్సు చార్జీల దగ్గర కథ ఆగిపోకుండా చూడాలి. ఇది ఈల వేసి పరుగెత్తించడం కంటే కష్టమైన విద్య. వ్యాయామ ఉపాధ్యాయులు చదివే బీపీఈడీ కోర్సులో దీనికి పాఠం లేదు.

ఉదయగిరి పిల్లకు ఆ రెండో చెయ్యి ఎక్కడుంది? బద్వేలు మీదుగా వెళ్తే కడపలో డాక్టర్ వైఎస్సార్ క్రీడా పాఠశాల ఉంది. అక్కడ ప్రవేశం నాలుగో తరగతిలో. ఎత్తు, బరువు, పరుగు, గెంతు కొలిచి తీసుకుంటారు. నాలుగో తరగతి పిల్లలేమో ప్రాథమిక పాఠశాలలో ఉంటారు, అక్కడ పీఈటీ పోస్టే ఉండదు. పీఈటీ ఆరో తరగతిలో ఆ పిల్లను చూసేసరికి కడప తలుపు మూసుకుపోయి ఉంటుంది. అంటే ఉన్నత పాఠశాల పీఈటీ తన బడి గోడ దాటి చుట్టుపక్కల ప్రాథమిక బడుల సెకండరీ గ్రేడ్ టీచర్లకు మార్గదర్శి కాకపోతే ఈ వ్యవస్థ పనిచేయదు. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఎలాగూ జరుగుతున్నాయి. అందులో ఒక పూట పీఈటీకి ఇస్తే, 30 మీటర్ల పరుగూ నిలువు గెంతూ ఎలా కొలవాలో టీచర్లకు నేర్పగలడు. అధికారం లేకుండా సాటివాళ్లను కదిలించడం ఆయనకూ అక్కడే వంటబడుతుంది.

శిక్షణ ఎవరికి అందుతోంది

రెండేళ్ల బీపీఈడీ పాఠ్యప్రణాళికలో నిర్వహణ, పరిపాలన అనే పేపరు ఉంది. క్రీడా మనస్తత్వ శాస్త్రం ఉంది. పరీక్షకు చదివేది టోర్నమెంటు ఫిక్చర్లు, మైదానం కొలతలు. తల్లిదండ్రులతో మాట్లాడడం, సాటి ఉపాధ్యాయుడితో గొడవ తీర్చుకోవడం, ఓడిన జట్టును మర్నాడు మైదానానికి రప్పించడం పరీక్షకు రావు. ఉద్యోగంలో చేరాక ఇచ్చే శిక్షణల్లో ఎక్కువ భాగం ఏదో ఒక ఆట మెళకువలే. న్యూఢిల్లీలోని నీపా 2012లో జాతీయ పాఠశాల నాయకత్వ కేంద్రం మొదలుపెట్టింది, అది ప్రధానంగా ప్రధానోపాధ్యాయుల కోసం. మైదానాన్ని నడిపేవాడు ఆ లెక్కలో నాయకుడు కాడు.

2025 మెగా డీఎస్సీ ఉపాధ్యాయ నియామకాల్లో 16,347 పోస్టులు ప్రకటిస్తే అందులో పీఈటీలు 132. వ్యాయామ విద్య స్కూల్ అసిస్టెంట్లు వేరే లెక్క. ఈ కొత్తవాళ్లు బడిలో చేరిన మొదటి రోజే ఆటల అధిపతులు, పైన నేర్పే సీనియర్ ఉండడు. తెలుగు మాస్టారికి బడిలో ఇంకో తెలుగు మాస్టారు దొరకవచ్చు, పీఈటీకి ఇంకో పీఈటీ కనిపించేది మండల పోటీలోనే. సమగ్ర శిక్ష ఉన్నత పాఠశాలకు ఏడాదికి ఇచ్చే ఆటల నిధి 25,000 రూపాయలు. దానితో బంతులు కొనవచ్చు, పెద్దరికం కొనలేం.

అమెరికాలో ఈ ఉద్యోగుల జాతీయ సంఘం 1977లో ఏర్పడింది. 1990ల్లో అది సొంత నాయకత్వ తరగతులు మొదలుపెట్టింది. చట్టం, భద్రత, డబ్బు, తగవుల పరిష్కారం వాటిలో పాఠాలు, చెప్పేది అనుభవమున్న తోటి డైరెక్టర్లే. ఆ హంగులు మనం తెచ్చుకోలేం, అక్కర్లేదు కూడా. తోటివాడి దగ్గర నేర్చుకోవడం అనే మూలసూత్రం మాత్రం ఉచితం. దాన్ని కూడా మనం వాడుకోలేదు. 2023 డిసెంబరు 26న మొదలై మరుసటి ఫిబ్రవరి దాకా సాగిన రాష్ట్ర ప్రభుత్వ క్రీడోత్సవం ‘ఆడుదాం ఆంధ్ర’లో సచివాలయాల స్థాయి నుంచి రాష్ట్ర స్థాయి దాకా ఐదు ఆటలు ఆడించారు. కప్పులు పంచారు. అంత పెద్ద యంత్రాంగం నడిపినా, నిర్వాహకులు నేర్చుకున్నది తర్వాతివారికి అందే ఏర్పాటు వెనక మిగల్లేదు. అవకాశాన్ని వృథా చేయడమంటే అదే.

కాబట్టి నెల్లూరు జిల్లా విద్యాశాఖకూ, స్కూల్ గేమ్స్ బాధ్యులకూ విన్నపం ఇది. వచ్చే ఏడాది ఒక్క ఆత్మకూరు నియోజకవర్గంలో మొదలుపెట్టండి. కొత్తగా చేరిన ప్రతి పీఈటీని ఒక సీజన్ పాటు అనుభవమున్న నిర్వాహకుడికి జతచేయండి. సంగం మండల ఎంపికకు పక్క మండలం సెలక్టర్లను పంపండి; ప్రతి పేరు ఎదుటా మార్కులు రాయించి, ఆ కాగితాన్ని సాయంత్రానికి బడి గోడకు అంటించండి. జట్టుతో వెళ్లే ఉపాధ్యాయురాలికి ప్రయాణానికి ముందే ఒక పూట శిక్షణ ఇవ్వండి. పోటీలు ముగిసిన వారం లోపల పీఈటీలందరినీ ఒకచోట కూర్చోబెట్టి, ఏది సరిగా జరిగింది, ఏది జరగలేదు అని రాయించండి. చెల్లదురై కొలమానంలోని ప్రశ్నలను తెలుగు చేసి పిల్లల చేత కూడా నింపించండి; పేర్లు రాయించకండి. రెండో ఏడాది ఆ కాగితాలు పక్కపక్కన పెట్టి చూశాకే ఈ పద్ధతిని ఉదయగిరికి తీసుకెళ్లండి. దీనికి కొత్త పోస్టు అక్కర్లేదు, కొత్త భవనం అక్కర్లేదు. పీఈటీలకు ఆ సమీక్ష సమావేశం రోజున ఆన్ డ్యూటీ ఇస్తూ ఒక్క ఉత్తర్వు చాలు.