చేపల పుండ్లవ్యాధి

చలి ముదిరిన దినములలో కృష్ణా డెల్టాలోని మురుగుకాలువ గట్టున నిలిచి చూచినచో, ఒక్కొక్కప్పుడు కొరమీను ఒకటి నీటిపైకి తేలి మందముగా కదలుచుండుట కనబడును. దాని ప్రక్కను పొలుసులు రాలి ఎఱ్ఱని పుండు; ముదిరినచో కండ కరిగి ఎముక బయటపడును. 1990 దశకపు తొలి ఏండ్లలో ఈ దృశ్యము మనవారికి క్రొత్త.

ఈ వ్యాధి 1971లో జపానునందును, 1972లో ఆస్ట్రేలియాలోని క్వీన్సులాండునందును కనబడెను. పిదప ఆగ్నేయాసియా దేశముల గుండా ప్రాకి, 1988లో మన ఈశాన్య రాష్ట్రములను, పశ్చిమ బెంగాలును చేరెను. అచ్చటి జనులు భయపడి చేపలు కొనుట మానిరి. చేపలమ్మి బ్రతుకువారి పొయ్యిలో పిల్లి లేవలేదు. ఆ భయమునకు ఆధారము లేదని తరువాత తేలినది.

దోషి ఎవరు? కొందరు వైరసు అనిరి. పుండునుండి తీసిన ద్రవములో ఏరోమోనాస్ అను బాక్టీరియా విస్తారముగా కనబడుటచే, అదియే కారణమని మరికొందరు తలచిరి. కాని పుండు పైభాగమున దొరకినవన్నియు తరువాత చేరిన అతిథులు. 1990 దశకమున శాస్త్రజ్ఞులు అప్పుడప్పుడే పుట్టుచున్న పుండు అంచునుండి, లోపలి కండను తీసి పరీక్షించి, అందు సన్నని పోగులను చూచిరి. అది అఫానోమైసిస్ ఇన్వాడాన్స్ అను నీటిబూజు. బూజు అనుట వాడుక మాటయే. ఇది నిజమైన శిలీంధ్రము కాదు, గోధుమవన్నె నాచులకు దగ్గరి చుట్టము. దాని బీజములు రెండు తోకలతో నీట ఈదగలవు. మన శరీరపు వేడిమియైన 37 డిగ్రీలవద్ద మాత్రము ఇది పెరుగజాలదు.

చలికాలమే ఎందుకు? నీరు చల్లబడినపుడు చేప దేహపు రక్షణశక్తి మందగించును. ఈ బూజు మాత్రము అట్టి నీటిలోను హాయిగా పెరుగును. వానలకు నీటి ఆమ్లగుణము హెచ్చినచో చేప చర్మము దెబ్బతిని దారి యిచ్చును.

దీని దాయాది సాప్రొలెగ్నియా. గాజుతొట్లలో పెంచు సాలమాండరుల గాయములపై దూదివలె పెరుగునది అదియే. సాలమాండరు అనగా తోకగల కప్ప అనుకొనవచ్చును. 1864లో మెక్సికోనుండి పారిసు చేరిన ఆక్సొలాటలు అట్టివే. తెగిన కాలు దానికి మరల మొలచును. కనుక పెంచువారు గాయమునకు మందు పూయుటకంటె నీటిని చల్లగా, శుభ్రముగా ఉంచి, బూజు పట్టినచో కొద్దిసేపు ఉప్పునీట ముంచి తీయుదురు. మాలకైటు గ్రీను అను రంగు కూడ బూజును చంపును. కాని అది మనిషికి హానికరమను అనుమానముచే, తినెడి చేపలకు వాడరాదని పలు దేశములు నిషేధించినవి.

తొట్టికి చెల్లినది చెరువుకు చెల్లునా? కైకలూరు, గుడివాడ ప్రాంతములలో 1980 దశకమున వరిచేలెన్నో బొచ్చె, శీలావతి చేపల చెరువులైనవి. ఎకరములకొలది నీటిని ఉప్పు చేయుట కాని పని. అచ్చట అక్కరకు వచ్చినది సున్నము. అది ఆమ్లగుణమును విరుచును. చలి రాకముందే చల్లినచో మేలు. భువనేశ్వరమువద్ద కౌసల్యగంగలోని మంచినీటి చేపల పరిశోధనాసంస్థ సిఫాక్స్ అను మందునుకూడ రూపొందించెను.

అయితే చెరువుకు యజమాని కలడు, సున్నము చల్లును. దివిసీమ బోదెలలో, మురుగుకాలువలలో పెరుగు కొరమీను, మట్టగిడస, పరిగెలకు ఎవరు చల్లుదురు? ఈ వ్యాధికి ఎక్కువగా లొంగునవి అవియే; కూలిజనము వలవేసి కూరకు తెచ్చుకొనునవియు అవియే. పుండు చిన్నదైనచో మాఘమాసము దాటి నీరు వెచ్చబడగా మచ్చతో మానును. లోతైనచో మానుట అరుదు.

బందరులోనో అవనిగడ్డలోనో విద్యార్థులు నీటిబూజును తామే చూడవచ్చును. గాజుగ్లాసులో కాలువనీరు పోసి, చచ్చిన ఈగనొకదానిని వేసి నీడన ఉంచినచో, కొన్ని దినములలో దానిచుట్టు తెల్లని నూగు లేచును. పోగునొకదానిని సూక్ష్మదర్శినిక్రింద ఉంచి, కొనయందలి ఉబ్బును కొంతసేపు ఓపికతో గమనించినచో, అందుండి బీజములు బయటపడి ఈదుట కనబడవచ్చును.