కుక్క గిన్నెలోకి ఏది ఎలా వచ్చింది

పెంపుడు కుక్కకు పచ్చి మాంసం పెట్టాలా, సంచిలో వచ్చే డ్రై ఫుడ్ పెట్టాలా అన్న వాదన ఇప్పుడు హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ కుక్కలు పెంచేవాళ్లు కలిసిన చోటల్లా వినిపిస్తోంది. పచ్చి మాంసం పక్షం వాళ్లు తమది అనాదిగా వస్తున్న ఆహారం అంటారు. డ్రై ఫుడ్ పక్షం వాళ్లు తమది శాస్త్రం తేల్చిన ఆహారం అంటారు. చరిత్ర తిరగేస్తే రెండు మాటల్లోనూ సగమే నిజం కనిపిస్తుంది. మనిషి పంచన చేరాక కుక్క అన్నిటికంటే ఎక్కువ కాలం తిన్నది ఉడికిన ధాన్యం.

క్రీ.శ. మొదటి శతాబ్దంలో వ్యవసాయం మీద పెద్ద గ్రంథం రాసిన రోమన్ రచయిత కొలుమెల్లా, కుక్కలకు బార్లీ పిండిని విరిగిన పాల తేటతో కలిపి పెట్టమన్నాడు. మధ్యయుగపు ఫ్రాన్స్‌లో రాజుల వేటకుక్కలు సైతం రోజూ తిన్నది రొట్టే. వేట ముగిసిన రోజున మాత్రం ఆ రొట్టెను జంతువు నెత్తుటిలో నానబెట్టి, పేగులతో కలిపి బహుమానంగా వేసేవారు. మన ఊళ్లలో కాపలా కుక్కకూ మంద వెంట తిరిగే కుక్కకూ దక్కింది గంజి, సంకటి ముద్ద, మిగిలిన అన్నం, ఎప్పుడైనా పండగనాడు ఒక ఎముక. 2013లో స్వీడన్‌లోని ఉప్సలా పరిశోధకులు ఈ చరిత్రను కుక్క ఒంట్లోనే చదివి చూపించారు. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ జన్యువుకు తోడేలులో రెండు ప్రతులే ఉంటే, కుక్కల్లో నాలుగు నుంచి ముప్పై దాకా ఉన్నాయి. వ్యవసాయం ఎరగని మనుషులతో బతికిన ఆస్ట్రేలియా డింగోలో మాత్రం ఇప్పటికీ రెండే. తోడేలు తిన్నట్టే కుక్కా తినాలనే వాదనకు ఇంతకంటే గట్టి జవాబు నాకు తెలియదు.

కుక్కల కోసమని తయారుచేసి అమ్మిన తిండి మొదట లండన్‌లో పుట్టింది. అమెరికా నుంచి వెళ్లిన జేమ్స్ స్ప్రాట్, ఓడల్లో నావికులు తినే గట్టి బిస్కెట్లను రేవులో కుక్కలు ఆబగా తినడం చూశాడని చెబుతారు. 1860ల తొలినాళ్లలో అతను గోధుమపిండి, కూరగాయలు, బీట్‌రూట్, ఎండిన మాంసం కలిపి కుక్క బిస్కెట్లు చేసి అమ్మాడు. కొన్నది వేటకుక్కలు పెంచే జమీందారీ కుటుంబాలవాళ్లు. ఆ కంపెనీలో గుమాస్తాగా చేరిన చార్లెస్ క్రఫ్ట్, 1891లో తన పేరుతో మొదలుపెట్టిన కుక్కల ప్రదర్శన నేటికీ ప్రపంచ ప్రసిద్ధం. కొనుక్కున్న తిండి, జాతి కుక్క, ప్రదర్శన, పతకం, అన్నీ ఒకే వ్యాపారం చుట్టూ అల్లుకుని పెరిగాయి.

మొదటి ప్రపంచయుద్ధం తర్వాత అమెరికాలో ట్రాక్టర్లు, మోటారు బండ్లు వచ్చి గుర్రాలకు పని లేకుండా చేశాయి. ఆ గుర్రపు మాంసాన్ని డబ్బాల్లోకి ఎక్కించి 1922లో ఇలినాయ్ రాష్ట్రంలో కెన్-ఎల్ రేషన్ అనే బ్రాండు మొదలైంది. 1930ల నాటికి డబ్బా తిండిదే రాజ్యం. రెండో ప్రపంచయుద్ధం దాన్ని కూల్చింది. తగరం యుద్ధానికి కావాలి, మాంసానికి రేషన్. కంపెనీలు కాగితపు సంచుల్లో పోసే పొడి తిండికి మళ్లాయి. డ్రై ఫుడ్‌కు మార్కెట్టు దొరికింది యుద్ధకాలపు కొరత వల్లనే. కుక్క ఆరోగ్యం గురించిన ఏ పరిశోధనా అప్పుడు దాన్ని ముందుకు నెట్టలేదు. యుద్ధం ముగిశాక, అల్పాహారపు సీరియల్ చేసే ఎక్స్‌ట్రూడర్ యంత్రాన్నే రాల్‌స్టన్ ప్యూరినా కంపెనీ కుక్క తిండికి వాడింది. పిండి, మాంసపు పొడి కలిపిన ముద్దను ఆవిరితో, ఒత్తిడితో ఉడికించి చిల్లుల్లోంచి నెడితే బయటి గాలి తగలగానే పొంగుతుంది. దాన్ని ఆరబెట్టి పైన కొవ్వు చల్లితే గుళిక సిద్ధం. 1957లో డాగ్ చౌ పేరుతో అది దుకాణాలకు చేరింది. 1960ల్లో అమెరికన్ కంపెనీల సంఘం, ఇంట్లో మిగిలిన తిండి కుక్కకు పెట్టవద్దని పెద్ద ఎత్తున ప్రచారం చేసింది.

ఆ ప్రచారంలో వ్యాపారం ఉంది, నిజమే. కానీ ఇంటి తిండితో కుక్కకు ఏ లోటు వస్తుందో అప్పటికే శాస్త్రానికి బాగా తెలుసు. ఆ తెలివిడికి మూల్యం కుక్కలే చెల్లించాయి. ఈ భాగం పెట్ షాపుల్లో ఎవరూ చెప్పరు. 1919లో లండన్‌లో ఎడ్వర్డ్ మెల్లన్‌బీ, ఇంట్లో మూసి ఉంచిన కుక్కపిల్లలకు ఓట్స్ జావ ప్రధానంగా పెట్టి రికెట్స్ తెప్పించాడు. కాడ్ చేప కాలేయపు నూనె ఇస్తే వాటి ఎముకలు బాగుపడ్డాయి. విటమిన్ డి కథ అక్కడ మలుపు తిరిగింది. మనుషుల్లో పోషకలోపంతో వచ్చే పెల్లాగ్రా లాంటి జబ్బే కుక్కల్లో నల్లనాలుకగా కనిపిస్తుంది. 1937లో కాన్రాడ్ ఎల్వెజెమ్ నికోటినిక్ ఆమ్లం అనే బి విటమిన్‌తో దాన్ని నయం చేసి చూపాక, మనుషుల పెల్లాగ్రాకూ మందు దొరికింది.

ఈ కథలో హైదరాబాద్‌కూ చోటుంది. దక్కన్‌లో జొన్నలే ప్రధానంగా తినే పేదల్లో పెల్లాగ్రా ఎందుకొస్తోందని ఇక్కడి పోషకాహార పరిశోధనశాలలో (నేటి జాతీయ పోషకాహార సంస్థ) సి. గోపాలన్ బృందం వెతికింది. 1960ల్లో గోపాలన్, బెలవాడి కుక్కలకు జొన్న ప్రధానమైన ఆహారం పెట్టి నల్లనాలుక వస్తుందని నిరూపించారు. జొన్నలో అధికంగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం మీద వాళ్ల అనుమానం. అంటే ఒక్క ధాన్యం మీదే బతికితే మనిషికైనా కుక్కకైనా గతి ఒకటేనని మన నేల మీదే తేలింది. కుక్కపిల్లను పాలన్నం, పెరుగన్నం మీదే పెంచే ఇళ్లు నేటికీ ఎన్నో. ముద్దుగా పెంచుకునే పిల్లకు కాళ్లు వంకరపోవడం చూస్తే నాకు ఆ పాత ప్రయోగాలే గుర్తొస్తాయి. ఎముక లేని ఒట్టి చికెన్ పెట్టినా దారి వేరు కాదు. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం బహు తక్కువ. రక్తంలో తగ్గిన కాల్షియాన్ని శరీరం ఎముకల్లోంచి తోడుకుంటుంది.

పచ్చి మాంసం వాదం ఇప్పటి రూపంలో నిలబడింది 1993లో, ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ పుస్తకంతో. మాంసమున్న పచ్చి ఎముకలు, కాలేయం, కూరగాయలు కలిపి పెట్టమని ఆయన చెప్పాడు. ఆయన దేశస్థుడే అయిన టామ్ లాన్స్‌డేల్ ఇంకా ఘాటుగా రాశాడు. వాళ్ల విమర్శలో పస ఉంది. పళ్ల మీద గార, ఊబకాయం, లేబుల్ మీద అర్థంకాని పదార్థాల పేర్లు, అన్నీ అడగాల్సిన ప్రశ్నలే. అయితే కుక్కకు పచ్చి అవయవాలు వేసినందుకు జనం పడిన పాట్ల చరిత్ర ఒకటుంది. ఆ వాదంలో దాని ఊసు చాలా తక్కువ.

1863లో ఐస్‌లాండ్ వెళ్లిన డెన్మార్క్ శాస్త్రవేత్త హరాల్డ్ క్రాబ్, అక్కడి కుక్కల పేగుల్లో ఒక చిన్న బద్దెపురుగును విరివిగా చూశాడు. గొర్రెను కోసినప్పుడు నీటితిత్తులున్న కాలేయం, ఊపిరితిత్తులు కుక్కకు వేస్తే ఆ పురుగు కుక్కలో పెరుగుతుంది. కుక్క మలంలోని గుడ్లు మనిషి కడుపులోకి పోతే మనిషి కాలేయంలోనూ అవే తిత్తులు. క్రాబ్ రాసిన చిన్న పుస్తకాన్ని ఇంటింటికీ పంచారు. అవయవాలను కాల్చాలి లేదా పూడ్చాలి అన్నారు, కుక్కలకు నట్టల మందు పోశారు. న్యూజిలాండ్ 1959లో ఇందుకోసం ప్రత్యేక చట్టమే చేసింది. అక్కడ వ్యాధి దాదాపు పోయిందని ప్రకటించడానికి 2002 దాకా పట్టింది. మన దేశంలో ఈ నీటితిత్తుల జబ్బు ఎక్కువగా కనిపించే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కబేళా పక్కన, మటన్ కొట్టు వెనక పారేసిన ముక్కలు కుక్కల నోటికి అందుతున్నంతకాలం అది పోదు. అందుకే బోటి, కాలేయం పచ్చిగా పెట్టడాన్ని నేను ఏ వాదం పేరుతోనూ ఒప్పుకోలేను. కోడి మాంసం సంగతికి వస్తే, 2002లో కెనడాలో ప్రచురితమైన ఒక చిన్న పరిశీలనలో ఇళ్లలో పెట్టే పచ్చి కోడి ఆహారం నమూనాల్లో 80 శాతంలో సాల్మనెల్లా దొరికింది. ఆ తిండి తిన్న కుక్కల మలం నమూనాల్లో 30 శాతంలోనూ ఉంది. పాకే పసిపిల్లలున్న ఇంట్లో ఈ లెక్క చిన్నది కాదు.

ఫ్యాక్టరీ తిండి మీద నమ్మకం 2007 మార్చిలో చెదిరింది. కెనడాకు చెందిన మెనూ ఫుడ్స్, తమ తిండి తిన్న పెంపుడు జంతువులు జబ్బుపడుతున్నాయని తెలిసి 6 కోట్ల డబ్బాలు, పౌచ్‌లు వెనక్కి రప్పించింది. చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో మెలమైన్ అనే రసాయనం కలిసిందని ఆ తర్వాత తేలింది. పరీక్షలు నత్రజనిని లెక్కగట్టి ప్రోటీన్ ఎంతో చెబుతాయి కాబట్టి, నత్రజని నిండుగా ఉన్న మెలమైన్ కల్తీదారులకు అక్కరకొచ్చింది. కుక్కలు, పిల్లులు మూత్రపిండాలు చెడి చనిపోయాయి. వెనక్కి తీసుకున్నది ఎక్కువగా తడి తిండే. అయినా జనం ఫ్యాక్టరీ తిండి అంతటినీ అనుమానించారు, చాలామంది పచ్చి మాంసం వైపు తిరిగారు. మరికొందరు ధాన్యం లేని డ్రై ఫుడ్ ఎంచుకున్నారు. 2018లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ, బఠానీలు, పప్పులు దండిగా ఉన్న అలాంటి తిండికీ కుక్కల్లో గుండె కండరం సాగిపోయే జబ్బుకూ సంబంధముందేమోనని విచారణ మొదలుపెట్టింది.

మన దగ్గర డ్రై ఫుడ్ ఇప్పుడు బయటినుంచి వచ్చిన సరుకు కూడా కాదు. పెడిగ్రీ తయారుచేసే మార్స్ సంస్థకు సిద్దిపేట జిల్లాలో ఫ్యాక్టరీ ఉంది. 2022లో దాని విస్తరణకు మరో 500 కోట్లు ప్రకటించారు. పెంచేవాళ్లు నన్నడిగితే నా మొగ్గు ఇది: ఎదిగే పిల్లకు కుక్కపిల్లల కోసమని చేసిన డ్రై ఫుడ్, లేదా పశువైద్యులు కాల్షియంతో సహా లెక్కగట్టి ఇచ్చిన వండిన తిండి. పచ్చి మాంసం వద్దు. అయితే డ్రై ఫుడ్‌కు కూడా మన వాతావరణంలో ఒక శత్రువుంది: తేమ, దాంతో పెరిగే బూజు. 1974లో గుజరాత్, రాజస్థాన్ సరిహద్దుల్లోని గిరిజన గ్రామాల్లో వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా కాలేయం దెబ్బతిని చనిపోయారు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కారణం ఆ బూజులోని అఫ్లటాక్సిన్ అనే విషమని తేల్చారు. అదే తిండి తిన్న ఊరి కుక్కలకూ పొట్టలు ఉబ్బి ప్రాణాలు పోయాయి. 2020 చివర్లో అమెరికాలో మొక్కజొన్న కలిసిన డ్రై ఫుడ్ తిన్న కుక్కలను చంపిందీ ఈ విషమే. గుళికలను వేడి చేసినా ఇది పూర్తిగా పోదు.

వానాకాలంలో పెద్ద బస్తా విప్పి కిలో, రెండు కిలోలు తూచి విడిగా అమ్మే దుకాణాలు మన ఊళ్లలో చాలా ఉన్నాయి. చవకని అక్కడ కొన్నవాళ్లకు తేమ ఎంత పట్టిందో తెలియదు, బస్తా ఎప్పుడు విప్పారో తెలియదు. 2007లోనూ 2020లోనూ విషమున్న సరుకును ఇళ్లలోంచి వెనక్కి రప్పించగలిగింది డబ్బా, సంచి మీది తేదీలతో, లాట్ నంబర్లతో. విడిగా తూచిన పొట్లం మీద ఆ నంబరు ఉండదు.